ఎనిమిది అడుగుల ఇంగ్లీషు మనుషులు

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా అత్తగారు అన్నప్పుడు ఒళ్ళు మండేది గానీ, నిజమేనని నాకు పెళ్ళికి ముందే తెలుసు. ఎవరినైనా రెండు నిమిషాలు చూస్తే చాలు, వాళ్ళ నడకా దగ్గూ ముక్కు చీదడం అన్నీ దించేస్తాను. నెల్లూరులో కాలేజీలో ఉన్నప్పుడు లెక్చరర్లను అనుకరిస్తుంటే క్లాసంతా పడీ పడీ నవ్వేది. ఆ నవ్వుకి అలవాటు పడ్డదాన్ని. పెళ్ళయి దుబాయ్ వైపు వచ్చాక, ఉమ్ అల్ క్వైన్‌లో ఒక చిన్న బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరాక, ఆ నోరే ఒక కొంప ముంచింది. నా కొంప కాదు.

అది 2005. మా ఆయన అల్యూమినియం తలుపులు చేసే ఫ్యాక్టరీలో స్టోరు చూసేవాడు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక నేను బడిలో చేరాను. టీచర్లు నానా దేశాల వాళ్ళూ ఉండేవాళ్ళు గానీ తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే. ఒకదాన్ని నేను, రెండో మనిషి క్లీనరు.

బడిని నడిపేది ముగ్గురు. చైర్మన్ భారీ మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని దాని కోసమే జేబులన్నీ వెతుక్కునేవాడు. బెల్టులో రెండు బొటనవేళ్ళూ దూర్చి నిలబడేవాడు. కరెంటు ఖర్చు అని మధ్యాహ్నం ఒంటిగంటకల్లా క్లాసుల్లో ఏసీలు ఆపించేవాడు, తన గదిలో మాత్రం వణికించే చలి. ఆయనకు అరబిక్కూ ఇంగ్లీషూ తప్ప మరో భాష రాదు. ఆఫీసు ముదీర్‌కీ, అంటే మేనేజరుకీ, అంతే. మా పాస్‌పోర్టులు అతని బీరువాలో ఉండేవి, మా ఉత్తరాలు బడి పోస్టుబాక్సుకే వచ్చేవి, అన్నీ చింపిన కవర్లతోనే మా చేతికి అందేవి. మూడో మనిషి ప్రిన్సిపాల్. కొలంబో ఆవిడ. ఆవిడ ఎంత తియ్యగా నవ్వితే ఎదుటివాళ్ళకి అంత గండం. ఒక టీచరును పిలిచి, టీ ఇచ్చి, నవ్వుతూ నవ్వుతూ ఉద్యోగం తీసేసింది.

ఈ ముగ్గురినీ నేను స్టాఫ్‌రూములో రోజూ ఆడించేదాన్ని. చైర్మన్ కళ్ళజోడు వెతుక్కోవడం నా గొప్ప ఐటెం.

ఆ ఏడు పదో తరగతి వాళ్ళకి విక్టోరియా రాణి కాలపు నవలాకారుడు ఒకాయన పుస్తకం పెట్టారు. ఆయన పేరు చెప్పను, ఇందులో ఆయన తప్పేమీ లేదు. వార్షికోత్సవానికి ఆయన జీవితం, రచనలు, పాత్రల మీద ఎగ్జిబిషన్ పెట్టాలని ప్రిన్సిపాల్ నామీద పడేసింది. దుబాయ్‌లో కరామా బజార్లో పాత పుస్తకాల కుప్పలో ఆయన నవల ఒకటి బొమ్మలతో సహా దొరికింది. ఆ రోజుల్లో నవలలు నెలనెలా విడి భాగాలుగా వచ్చేవట, ప్రతి భాగానికీ బొమ్మలు. సన్నని నల్ల గీతలతో వంకర ముక్కులు, కోల మొహాలు, గూనివీపులు. ముందుమాటలో ఆయన జీవితం ఉంది. బొమ్మలు గీసేవాడికి ఆయన ఉత్తరాలు రాసి మరీ ఫలానా మొహం ఇలా ఉండాలని చెప్పేవాడట. ఎక్కడో ఊహించి కాదు, తన వీధిలో వాళ్ళ మొహాలే, తనకు తెలిసినవాళ్ళ నడకలే. తమను తాము గుర్తుపట్టుకున్న కొందరు ఆయనతో మాటలు మానేశారట. పుస్తకాలు మాత్రం బాగా అమ్ముడయ్యాయి. అది చదివి ఆయన నా మనిషే అనుకున్నాను.

బొమ్మలు ఎవరు వెయ్యాలన్న ప్రశ్న వచ్చినప్పుడు క్లీనరు పేరు చెప్పింది నేనే. జగిత్యాల దగ్గర పల్లె అతనిది. నలభై ఏళ్ళుంటాయి. ఊళ్ళో ఉన్నప్పుడు గోడల మీద పార్టీ గుర్తులు రాసేవాడు, సినిమా హాళ్ళ ముందు హీరోల కటౌట్లు వేసేవాడు. ఫ్లెక్సీ బ్యానర్లు వచ్చి ఆ పని పోయింది. దుబాయ్ వచ్చి సైట్లలో సిమెంటు మోశాడు, నడుం పట్టేసింది, చివరికి మా బడిలో చీపురు పట్టాడు. మరుగుదొడ్ల తలుపుల మీద అతను రాసిన అక్షరాలు చూసి నేను ఆగిపోయాను. ఆ అక్షరాల్లో వంకర లేదు.

ప్రిన్సిపాల్ అతణ్ణి పిలిచి, ఎగ్జిబిషన్ బాగా జరిగితే లేబర్ కార్డు మీద క్లీనర్ తీయించి ఆర్టిస్ట్ అని మార్పిస్తానంది. నేనే తెలుగులో చెప్పాను. అతను రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు.

“కార్డు మీదనే రాస్తరా మేడం?”

“కార్డు మీదే రాస్తారు. ఏం, అంత పట్టింపా?”

“ఊర్ల అందరికి ఆర్టిస్టు పనే అని చెప్పిన. నా పెండ్లాంకు సుత అదే చెప్పిన. మా తమ్ముడు కార్డు జిరాక్స్ పంపుమని ఒకటే అడుగుతున్నడు. మూడేండ్ల సంది ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్న.”

అతనికి కావలసింది ఆ ఒక్క మాటే. కార్డు మీద ఆ మాట ఉంటే ఇంటికి తలెత్తుకుని వెళ్ళగలడు. నాకు ఆ సంగతి అతని నోటి నుంచే తెలిసింది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

బడి వదిలాక, రెండింటి నుంచి నాలుగింటి దాకా వెనక స్టోరురూములో పని. పాత బెంచీల పక్కన ప్లైవుడ్ షీట్లు నిలబెట్టి, నేను పుస్తకం తెరిచి కథ చెప్పేదాన్ని. అతను ఆ బొమ్మలను తిప్పి తిప్పి చూసి పెదవి విరిచాడు.

“ఇవి కటౌట్‌కు పనికిరావు మేడం. అంతా గీతలే ఉన్నయి. కటౌట్ అంటె రోడ్డు మీద బస్సుల పొయ్యేటోడు సుత మొకం చూడంగనే ఫలానా మనిషి అనాలె. తెల్వనోని మొకం నేనెట్ల ఎయ్యాలె?”

“తెలియకపోవడమేందయ్యా” అన్నాను. “ఇదిగో, ఈయన అనాథ పిల్లల బడి నడుపుతాడు, చలికాలం వాళ్ళ దుప్పట్లు తీసి అమ్ముకుంటాడు. ఎవరు? మన చైర్మనే.”

లేచి నిలబడి, బెల్టులో వేళ్ళు దూర్చి, నుదుటి మీద కళ్ళజోడు ఉన్నట్టు జేబులు తడుముకున్నాను. అతను నవ్వాడు. చేరినప్పటి నుంచీ ఆ మనిషి నవ్వగా నేను చూడలేదు. నవ్వించాలని నాకు ఇంకా ఊపొచ్చింది. ఊళ్ళో ఉత్తరాలన్నీ ఆవిరి పట్టి విప్పి చదివే గుమాస్తా ఒకడున్నాడు నవలలో. వాడు మన ముదీర్ అన్నాను, కవరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి చూపించాను. నవ్వుతూ అద్దె పెంచే ఇంటావిడ ఒకతి ఉంది. ఆమె ప్రిన్సిపాల్ అన్నాను, తలొక పక్కకి వాల్చి పళ్ళన్నీ బయటపెట్టాను. ఆ నవలాకారుడు కూడా ఇంతేనయ్యా, పక్కింటివాళ్ళ మొహాలే పెట్టాడు, అందుకే అంత పేరొచ్చింది అని ముందుమాట సంగతీ చెప్పాను. అతను బ్రష్ పట్టుకుని చాలా శ్రద్ధగా విన్నాడు. నేను సరదాకి చెప్పాను. అతను పనికి కావలసిన కొలతలు తీసుకున్నాడు.

పది రోజుల్లో నాలుగు కటౌట్లు లేచాయి. ఒక్కొక్కటి ఎనిమిది అడుగులు. నల్లకోట్లు, పొడుగు టోపీలు, చెంపల మీద గుబురు జుట్టు, అంతా ఇంగ్లీషు వేషమే. ఆ టోపీల కింద మాత్రం మావాళ్ళే ఉన్నారు. దుప్పట్లాయన కళ్ళజోడు నుదుటి మీద ఉంది, రెండు బొటనవేళ్ళూ బెల్టులో ఉన్నాయి, గడ్డం కింద మూడు మడతలు. గుమాస్తా కవరు వాసన చూస్తున్నాడు. ఇంటావిడ తల ఒక పక్కకి వాలి ఉంది.

నేను బెంచీ మీద కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాను. నవ్వి ఊరుకోలేదు.

“చైర్మన్ పెదవి ఇంకొంచెం వేలాడదియ్యవయ్యా” అన్నాను.

“గుర్తువడుతరేమో మేడం?” అన్నాడు, మొదటిసారి అనుమానంగా.

“నువ్వే కదయ్యా గుర్తుపట్టాలన్నావు. ఆ టోపీలో వాళ్ళకేం తెలుస్తుంది. ఎవడి మొహం వాడికి తెలీదు. వెయ్యి.”

అతను పెదవి కిందికి దించాడు.

నాలుగో బొమ్మ నవల్లో పంతులమ్మది. దుప్పట్లాయన ముందు నిలబడి, పిల్లల తరఫున ఉన్నదున్నట్టు చెప్పే ఒకే ఒక్క మనిషి. దానికి అతను నా మొహం వేశాడు. నేను ఎలా వెయ్యాలో చెప్పని బొమ్మ అదొక్కటే. నా ముక్కును ఉన్నదానికన్నా సన్నగా వేశాడు. నాకు నచ్చింది, ఏమీ అనలేదు. ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పి నవ్వితే ఆయన అన్నం తినడం ఆపి, “రేపే తుడిపించెయ్యి, నీకు పిచ్చా” అన్నాడు. ఆయనకి సరదా అంటే తెలియదని విసుక్కున్నాను.

గురువారం పొద్దున వార్షికోత్సవం. గుడ్డలు కప్పిన కటౌట్లు హాల్లో వరసగా నిలబెట్టారు. క్లీనరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడి తల దువ్వుకుని మూలన నిలబడ్డాడు. చైర్మన్ రిబ్బన్ కత్తిరించాడు, పిల్లలు గుడ్డలు లాగారు. ముందు అందరూ మెడలెత్తి చూశారు. తర్వాత తల్లిదండ్రుల్లో వెనక వరస నుంచి ఒక నవ్వు, దాని పక్కన ఇంకొకటి. చైర్మన్ మొదటి కటౌట్ ముందు నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదే ఉంది. నవ్వు హాలంతా పాకింది. ఆయన మెల్లగా కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, బయటికి వెళ్ళిపోయాడు. ముదీర్ వెనకే పరిగెత్తాడు. ప్రిన్సిపాల్ మొహంలో మొదటిసారి నవ్వు లేదు.

ముందు నా ఉద్యోగం గుర్తొచ్చింది. తర్వాత కూడా అదే. క్లీనరు సంగతి మూడోసారి గుర్తొచ్చిందేమో, అబద్ధం చెప్పను, అది కూడా నమ్మకం లేదు.

మధ్యాహ్నం చైర్మన్ గదికి పిలిచారు. లోపల ముగ్గురూ కూర్చున్నారు. క్లీనరు నిలబడి ఉన్నాడు, వేళ్ళ సందుల్లో రంగు ఇంకా పోలేదు. అతనికి సైటు హిందీ వచ్చు గానీ ఆ గదిలో హిందీ తెలిసినవాళ్ళు లేరు. ఇంగ్లీషు ముక్క రాదు. వాడేం చెప్తాడో అడిగి చెప్పడానికి నువ్వు కావాలి అన్నాడు చైర్మన్ నాతో. నన్ను అనుమానించి పిలవలేదు, తర్జుమాకి పిలిచారు. అది అర్థమయ్యేసరికి పైట సర్దుకుని ముందుకు జరిగాను.

“ఎవరు వెయ్యమన్నారో అడుగు.”

నేను అడిగాను. అతను నావైపు చూసి గొంతు తగ్గించాడు.

“ఏం చెప్పాల్నో మీరే చెప్పుండ్రి మేడం. మీ పేరు చెప్తె మీకు ఇబ్బంది గదా?”

అప్పటికీ అతను నా గురించే ఆలోచించాడు. నేనేమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“ఉన్నదున్నట్టు చెప్పవయ్యా. నేను ఇంగ్లీషులో చెప్తాను” అన్నాను.

అతనికి ధైర్యమొచ్చింది. చైర్మన్ వైపు తిరిగి, చేతులు కట్టుకుని తెలుగులో చెప్పాడు. “మేడం కథ చెప్పింది సార్. గీ మనిషి మన సారు లెక్క ఉంటడని చెప్పింది, గట్లనే ఏసిన. ఆ పుస్తకం రాసినాయన సుత తెలిసినోళ్ళ మొకాలే వెట్టిండట. కావాలని ఇజ్జత్ తియ్యలే. ఏసుడు నాది, చెప్పుడు మేడంది. మీకు బాధైతె కాళ్ళు మొక్కుత.”

ముగ్గురూ నావైపు తిరిగారు.

“తన బుర్రతోనే వేశానంటున్నాడు సార్” అన్నాను ఇంగ్లీషులో. “నేను పుస్తకంలో బొమ్మలు చూపించాను. ఇవి వేశాడని నాకు తెలియదు, గుడ్డ తీసినప్పుడే చూశాను.”

చైర్మన్ కాసేపు బల్ల మీద పెన్ను దొర్లించాడు. “మా ముగ్గురినీ రాక్షసుల్లా వేశాడు” అన్నాడు. “నిన్ను మాత్రం అందంగా వేశాడు. ఎందుకని?”

అక్కడ నాకు చెమట పట్టింది. ఆ గదిలో ఏసీకి చేతులు కొంకర్లు పోతాయి, అయినా పట్టింది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి చోటు మళ్ళీ దొరకదు. నేను కళ్ళు దించుకున్నాను. కాలేజీలో స్టేజీ మీద ఎన్నో వేషాలు కట్టాను గానీ ఇంత బాగా ఎప్పుడూ కట్టలేదు.

“అదే నాకూ అవమానంగా ఉంది సార్. నేను కుటుంబం ఉన్నదాన్ని. నన్ను అడక్కుండా నా బొమ్మ వేసి అంతమంది ముందు పెట్టాడు. మా ఆయనకి తెలిస్తే ఏమంటాడో తెలియదు.”

ఆ మాటతో గది మారిపోయింది. అంతవరకూ అతను తెలివితక్కువ పని చేసిన మనిషి. ఆ క్షణం నుంచి ఆడమనిషి జోలికి వచ్చిన మనిషి. ఈ దేశంలో ఆ తేడా ఎంతో నాకు బాగా తెలుసు, తెలిసే అన్నాను. ముదీర్ అరబిక్‌లో ఏదో గబగబా అన్నాడు. పోలీసులకి ఇద్దామా అని చైర్మన్ నన్ను అడిగాడు.

“వద్దు సార్, పేదవాడు. పంపించెయ్యండి చాలు” అన్నాను. నాది జాలిగుండె అని నాకే అనిపించింది కూడా.

“ఖలాస్” అన్నాడు చైర్మన్.

ఇంత జరుగుతున్నంతసేపూ క్లీనరు నా నోటివైపే చూస్తున్నాడు. నేను కళ్ళు దించుకోవడం చూశాడు, గొంతు వణకడం విన్నాడు. అతని మొహంలో కృతజ్ఞత తప్ప ఏమీ లేదు. బయటికి వచ్చాక, “మస్తు సేపు చెప్పిండ్రు మేడం నా గురించి” అన్నాడు.

వీసా క్యాన్సిల్ చేసి, మళ్ళీ ఈ దేశానికి పనికి రాకుండా బ్యాన్ ముద్ర వేసి, టికెట్ తీయడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ అతణ్ణి ఊరికే ఉంచలేదు. కటౌట్లను అతని చేతనే రంపంతో కోయించాడు ముదీర్. బడి వదిలే వేళకి, అందరూ చూసేలా, వెనక వాకిట్లో. నేను మేడ మీద కిటికీలోంచి చూశాను. మొదటి మూడూ మొహాల మధ్యలోంచి కోశాడు. నాది వచ్చేసరికి మొహం ముక్క వేరు చేసి పక్కన పెట్టబోయాడు. ముదీర్ దాన్ని కాలితో తన్ని, ముక్కలు చెయ్యమని సైగ చేశాడు. అతను కూర్చుని చిన్న చిన్న ముక్కలు చేశాడు. స్టాఫ్‌రూములో అందరూ చూస్తూ ఏవో జోకులేశారు, నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానిస్తారనుకున్నాను.

పంపించే రోజు గేటు దగ్గర వ్యాన్ ఆగి ఉంది. తప్పించుకుని వెళ్ళిపోదామని అటు తిరిగాను గానీ అతను పిలిచాడు. ఒక బ్యాగు, తాడుతో కట్టిన దుప్పటి. నా దగ్గరకి వచ్చి చేతులు జోడించాడు.

“తప్పు మీది అని నేను చెప్పొద్దుండె మేడం. మీరు చెప్పుమంటె చెప్పిన. మీరు సుత వాళ్ళ ముంగట ఒప్పుకున్నరు. గసుంటి మనిషి ఎవలుంటరు? పోలీసు కేసు వద్దని మీరే అన్నరట, డ్రైవర్ చెప్పిండు. నా పెండ్లాంకు ఫోన్ల చెప్పిన, ఒక్క మేడమే నా దిక్కు కొట్లాడిందని.”

నాకు చెప్పాలనిపించింది. నిజంగా అనిపించింది. అప్పుడు చెప్పినా నా ఉద్యోగం పోయేది కాదు, అతనికి ఇంగ్లీషు రాదు, ఆ ముగ్గురికీ చెప్పలేడు. అయినా చెప్పలేదు. ఆ మనిషి నన్ను చూస్తున్న ఆ చూపు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

“ఊళ్ళో ఏమని చెప్తావు?” అన్నాను.

“కాంట్రాక్టు అయిపోయిందని చెప్త. కార్డు వాళ్ళే గుంజుకున్నరు గదా, ఇగ జిరాక్స్ అడుగరు.” వ్యాన్ తలుపు పట్టుకుని ఆగాడు. “మీ నౌకరికైతె ఏం గాలే గదా మేడం? నాకదే రంది వట్టుకుంది.”

“ఏం కాలేదు” అన్నాను.

“గంతే చాలు” అని ఎక్కి కూర్చున్నాడు.

నిజంగానే ఏమీ కాలేదు. మరుసటి ఏప్రిల్‌లో నన్ను ఇంగ్లీషు విభాగానికి హెడ్‌ను చేశారు. ప్రిన్సిపాల్ టీ తెప్పించి, మీకు బడి మర్యాద ఎంత ముఖ్యమో మాకు ఆ రోజే తెలిసింది అంది. థాంక్యూ మేడం అన్నాను.